పోలోకు ఇన్‌టేక్ కొనే ముందు

నల్లగొండ,
ఆదివారం పొద్దున

అల్లుడా,

నీ పోలో కారు ఇంజిన్‌కు గాలి అందించే ఇన్‌టేక్ మార్చాలని నువ్వు పంపిన మూడు ఫొటోలూ చూశాను. ఎర్రటి గొట్టం, దాని కొసకు గరాటు లాంటి ఫిల్టర్, మీద మెరిసే కంపెనీ బిళ్ల. చూడ్డానికి మస్తుగా ఉన్నాయి. వీటిలో ఏది తీసుకోను మామా అని అడిగావు. అది చెప్పే ముందు నీ బండి ఏ గాలి పీలుస్తుందో చూద్దాం.

వారం వారం హైదరాబాద్ నుంచి వస్తావు. నార్కట్‌పల్లి దగ్గర మళ్లి, నల్లగొండ మీదుగా మిర్యాలగూడ చేరతావు. ఇంటి చుట్టూ రైస్ మిల్లులు. మిల్లు బాయిలర్లలో కాలిన ఊక బూడిద ఆరేసిన బట్టల మీద పడితే అక్క తిడుతుంది చూడు, ఆ బూడిదలో తొంభై శాతం దాకా సిలికానే. ఇసుకలో ఉండే సరుకే, పిండిలా మెత్తగా అయి వస్తుంది. నీది 1197 సీసీ ఇంజిన్. 5,000 ఆర్‌పీఎం దగ్గర, గాలిని ఒత్తి లోపలికి నెట్టే టర్బో సంగతి పక్కన పెట్టినా నిమిషానికి మూడు వేల లీటర్ల గాలి లాగుతుంది. అంటే మీ డాబా మీది వెయ్యి లీటర్ల ట్యాంకులు మూడు, ఒక్క నిమిషంలో ఖాళీ. టర్బో ఊదితే లెక్క ఇంకా పెరుగుతుంది.

నీ వయసులో నేనూ ఇదే పని చేశాను. అప్పుడు నా దగ్గర ఒక పాత పెట్రోల్ కారు ఉండేది. గాలి బాగా ఆడాలని, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ మీది ఫిల్టర్ డబ్బా తీసేసి, ఒక జాలీ బిగించాను. ఏం సప్పుడు! దేవరకొండ రోడ్డు మీద ఎగిరిపోతున్నట్టే ఉండేది. ఎండకాలం దాటేసరికి సైలెన్సర్ నుంచి నీలం పొగ. హెడ్ విప్పితే బోరు, అంటే పిస్టన్ ఆడే గొట్టం, పైభాగంలో గోరుకు తగిలేంత మెట్టు. దుమ్ముకు పిస్టన్ రింగులు అరిగిపోయాయి. బోరింగ్ చేయించి, పిస్టన్లు మార్చడానికి పెళ్లికి దాచిన డబ్బు తీశాను. మీ అత్తకు ఈ సంగతి ఇప్పటికీ పూర్తిగా తెలియదు, చెప్పకు.

అందుకే ఫిల్టర్ కొనేటప్పుడు నేను మొదట చూసేది గుడ్డ. నూనె పట్టించిన కాటన్ ఫిల్టర్లలో గాలి సులువుగా పోతుంది, నిజమే. కానీ సన్నటి దుమ్మును ఆపడంలో మంచి కాగితం ఫిల్టర్‌కు అవి సాధారణంగా సాటి రావు. కడిగాక నూనె ఎక్కువ పోస్తే అది లోపలికి పోయే గాలిని కొలిచే మ్యాఫ్ సెన్సర్ తీగ మీద పేరుకుని రీడింగ్ తప్పుతుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. నీ బండిలో మ్యాఫ్ ఉందా, గాలి ఒత్తిడిని చూసే మ్యాప్ సెన్సర్ ఉందా ముందు చూసుకో. మ్యాఫ్ ఉన్న బండికి సెన్సర్ కూర్చునే చోట గొట్టం లావు కంపెనీ కొలతే ఉండాలి. లేకపోతే వచ్చే గాలి ఒకటి, కంప్యూటర్ వేసే లెక్క ఇంకొకటి.

తర్వాత వేడి. మన దగ్గర మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే. ఎల్‌బీ నగర్ సిగ్నళ్లలో ఆగి ఆగి వెళ్తుంటే బానెట్ కింద ఇంకో ఇరవై డిగ్రీలు సులువుగా ఎక్కుతుంది. 45 డిగ్రీల గాలి 65కు వేడెక్కితే దాని సాంద్రత ఆరు శాతం తగ్గుతుంది. నువ్వు పంపిన మొదటి రెండు ఫిల్టర్లూ ఇంజిన్ పక్కనే నగ్నంగా కూర్చుని ఆ వేడి గాలినే తాగుతాయి. టర్బో కొంత సర్దుకుంటుంది కానీ ఊరికే సర్దుకోదు, ఎక్కువ కష్టపడుతుంది. మూడోది బంపర్ వెనక కిందికి దిగుతుంది. అక్కడ గాలి చల్లగానే ఉంటుంది, వానాకాలం నీళ్లూ అక్కడే ఉంటాయి. నీళ్లు నొక్కితే నొక్కుకుపోవు. ఒక్క గుక్క సిలిండర్‌లోకి పోయినా పిస్టన్‌ను మోసే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. పాలసీతో పాటు విడిగా ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ తీసుకోకపోతే ఇన్సూరెన్స్ వాళ్లు ఆ ఖర్చు నీ నెత్తినే పెట్టే అవకాశం ఎక్కువ.

అమ్మేవాళ్లు పవర్ పెరిగిందని, పవర్ కొలిచే మెషీన్ మీద తీసిన డైనో చార్ట్ చూపిస్తారు. బానెట్ తెరిచి, ముందు పెద్ద ఫ్యాన్ పెట్టి తీశారా, మూసి తీశారా అని అడుగు. జవాబు నీళ్లు నమిలినట్టు వస్తే అర్థం చేసుకో.

ఇంకా నమ్మకం కుదరకపోతే మనమే కొలుద్దాం. నేను ట్రాక్టర్లకు చేసేదే. పారదర్శకంగా ఉండే సన్నటి పైపును పలక మీద యూ ఆకారంలో కట్టి, సగం దాకా రంగు నీళ్లు పోయాలి. ఒక కొస ఫిల్టర్ డబ్బాలో ఫిల్టర్ దాటిన వైపుకు, రెండోది బయటి గాలికి. ఖాళీ రోడ్డు మీద నువ్వు ఫుల్ యాక్సిలరేటర్ తొక్కు, నేను పక్కన కూర్చుని నీళ్ల మట్టం తేడా చదువుతా. పది అంగుళాల తేడా వచ్చిందనుకో, అది వాతావరణ పీడనంలో రెండున్నర శాతం. ఏ అడ్డూ లేని గొట్టం దేవుడే చేసిచ్చినా నీ 105 హార్స్‌పవర్‌కు కలిసేది రెండున్నర గుర్రాలు. ఆ తేడా తెచ్చేది ఫిల్టరా, గాలి మొదట దూరే మూతిగొట్టమా అనేది ఫిల్టర్‌కు ముందు వైపు కూడా కొలిస్తే తెలిసిపోతుంది.

సప్పుడు కోసమే అయితే ఆ మాట ఒప్పుకో, తప్పేం లేదు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే ఆ బుస్సు నాకూ ఇష్టమే. అప్పుడు మూత ఉన్న డబ్బా రకం తీసుకో. అంచు చుట్టూ రబ్బరు సీలు ఉండాలి, కంపెనీ పెట్టిన మూతిగొట్టంతోనే గ్రిల్ వెనక నుంచి గాలి తీసుకోవాలి, లోపలి ఫిల్టర్ మన ఊళ్లో దొరకాలి. బిగించాక, బండి కంప్యూటర్‌ను చదివే ఓబీడీ స్కానర్‌లో ఇన్‌టేక్ ఉష్ణోగ్రత చూడు. గంటకు అరవై కిలోమీటర్ల మీద పోతున్నప్పుడు బయటి గాలి కంటే మరీ ఎక్కువ చూపిస్తే డబ్బా ఎక్కడో వేడి గాలి పీలుస్తున్నట్టే. నెల తర్వాత ఫిల్టర్ దాటిన గొట్టం లోపల తెల్ల గుడ్డతో తుడువు. గుడ్డ మాసిందంటే ఆ సరుకు వెనక్కి ఇచ్చెయ్.

చట్టం సంగతి కూడా విను. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని 2019 సవరణలో పెట్టారు. ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే రాసి ఇవ్వు. పాత డబ్బాను పాత సామాను వాడికి వేయకుండా అటక మీద దాచు.

వచ్చే ఆదివారం బండి తీసుకురా. ఈలోపు కొత్త కాగితం ఫిల్టర్ ఒకటి వేసి నడుపు, పాతది పారేయకుండా కవర్లో పెట్టి తే, రెండిటితోనూ కొలుద్దాం. పలక నా దగ్గర ఉంది. పైపు మూడు మీటర్లు నువ్వు కొనుక్కురా.

మీ మామ