మండల ఎన్నికల ప్రణాళికలో మొదటి అంశం మురుగు కాలువలే కావాలి

మీ మండలంలో ఒక పార్టీ స్థానిక నాయకులు ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికల కోసం ప్రాధాన్యతల జాబితా రాస్తున్నారని, గోదావరి డెల్టా పల్లెలకు అందులో ఏది ముందుండాలని అడిగారు. ఏ పార్టీయో మీరు రాయలేదు, నాకూ అక్కర్లేదు. మొదటి అంశం మురుగు కాలువలు. చేలో నిలిచిన నీళ్లు సముద్రంలోకి వెళ్లే దారి. మిగతావన్నీ దాని తర్వాతే రాయమనండి.

మాది అమలాపురానికి దిగువన, సముద్రం వైపు పల్లె. మా ఆయన కువైట్‌లో ఉంటారు. సొంత పొలం కొంచెం, కౌలు పొలం ఎక్కువ. సాగంతా నేనూ మా మావయ్యగారే చూసుకుంటాం. అందుకే ఈ ప్రశ్న చూడగానే రాయకుండా ఉండలేకపోయాను.

డెల్టా అనగానే బయటివాళ్లకి ధవళేశ్వరం ఆనకట్ట, కాటన్ దొర, పచ్చటి చేలు గుర్తొస్తాయి. 1852లో ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి నీళ్లు తేవడం గురించే అందరూ మాట్లాడుతున్నారు. ఆ నీళ్లు బయటికి పోవడం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మా శివారు చేలకి దాళ్వాలో (రబీలో) నీళ్లందక ఏడుస్తాం, సార్వాలో (ఖరీఫ్‌లో) అవే చేలు మునిగి ఏడుస్తాం. రెండింట్లో ఎక్కువ నష్టం చేసేది ముంపే.

లెక్క చూడండి. జూన్ మొదట్లో కాలువలకి నీళ్లు వదిలి, వెంటనే ఆకుమళ్లు (నారుమళ్లు) పోసుకుని, జూలైలో ఊడ్పులు ముగించుకుంటే పెద్ద తుఫాన్లు రాకముందే చాలా వరకు పంట చేతికొస్తుంది. ఈ మాట అధికారులు ప్రతి ఏడూ చెబుతారు. నిజమే. కానీ డ్రెయిన్‌లో, అంటే మురుగు కాలువలో, పూడిక, గుర్రపు డెక్క (నీళ్ల మీద అల్లుకునే కలుపు) అలాగే ఉండగా నీళ్లు వదిలితే, మొదటి వానకే పల్లపు చేలల్లో ఆకుమడి కుళ్లిపోతుంది. మళ్లీ విత్తనం కొనాలి, మళ్లీ పోయాలి. ఊడ్పు ఆగస్టుకి జారుతుంది. స్వర్ణ లాంటి ఎక్కువ కాలం పంట అయితే సరిగ్గా వాయుగుండాల రోజుల్లోనే ఈనుతుంది. కోత ఆలస్యం, దాని వెనక దాళ్వా ఆలస్యం, దాళ్వా కోసం కాలువలు ఇంకొన్నాళ్లు పారించాలి. ఇక కాలువలకి నీళ్లు ఆపేశాక పూడిక తీయడానికి రోజులెక్కడివి? టెండర్లు అయ్యేసరికి మళ్లీ జూన్ వచ్చేస్తుంది. నీళ్లలోకి మిషన్ దింపి గట్టున కాస్త మట్టి పోస్తారు, రెండు వానలకి అది మళ్లీ కాలువలోకే జారుతుంది. ప్రతి ఏడూ ఇదే. రైతు ఆలస్యం చేస్తున్నాడని మమ్మల్ని అంటారు. ఆలస్యం మొదలయ్యేది మా చేలో కాదు, డ్రెయిన్‌లో.

మా ఊరి చివర రోడ్డు కింద నుంచి మురుగు కాలువ వెళ్లే చోట ఒకప్పుడు పాత వంతెన ఉండేది. రెండు వెడల్పాటి ఖానాలు, కింద పడవ పట్టేంత ఖాళీ. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దాన్ని పడగొట్టి సిమెంటు తూరలు (గొట్టాలు) వేశారు. పైన రోడ్డు నున్నగా వచ్చింది, ప్రారంభోత్సవం జరిగింది, శిలాఫలకం మీద పేర్లు పడ్డాయి. నీళ్లు పోయే దారి సగానికి సగం తగ్గిపోయిందని మా మావయ్యగారు ఆ రోజే అన్నారు. ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత ఒక అక్టోబరులో వాయుగుండం పట్టింది. చేలు అప్పుడే పాలు పోసుకుంటున్నాయి. మా చేలో పడిన వానొక్కటే అయితే తట్టుకునేవాళ్లం. ఎగువ ఊళ్ల నీళ్లన్నీ మా మీదకే వచ్చాయి. సాయంత్రానికి గట్లు కనపడలేదు, కంకుల చివర్లు మాత్రం తేలుతున్నాయి. వెళ్లి చూస్తే తూరలు మూసుకుపోయి ఉన్నాయి. గుర్రపు డెక్క మనిషి ఎత్తున పేరుకుని, దాని వేళ్లల్లో రొయ్యల మేత సంచులు, సారా సీసాలు, ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన తాటి దుంగ. రోడ్డుకి ఇటువైపు నీళ్లు గట్టెక్కుతున్నాయి, అటువైపు కాలువ అడుగు కనపడుతోంది. అంత తేడా.

ఫోన్లు మొదలుపెట్టాం. ఒక ఆఫీసాయన కాలువ మాదే గానీ తూరలు రోడ్డు వాళ్లవి అన్నారు. రోడ్డు చూసే ఆయన తూరలు మావే గానీ అందులో అడ్డం పడ్డ డెక్క తీయించేది కాలువ వాళ్లు అన్నారు. పంచాయతీలో అడిగితే మిషన్‌కి డబ్బులిచ్చే తీర్మానం లేదన్నారు. ఈలోగా ఎగువ ఊరి వాళ్లు ట్రాక్టర్లేసుకుని వచ్చేశారు. "ఇప్పుడు తీయకపోతే రోడ్డు నరికేస్తాం" అని వాళ్లు. దిగువ ఊరి వాళ్లు గడలు పట్టుకుని ఎదురొచ్చారు. "ఒక్కసారిగా వదిలితే మా ఇళ్లల్లోకి వస్తుంది, పసిపిల్లలున్నారు" అని వీళ్లు. రెండు వైపులా మా బంధువులే. వానలో తడుస్తూ, టార్చిలైట్లు ఒకరి మొహం మీద ఒకరు వేసుకుంటూ, కొట్టుకునేదాకా వచ్చింది.

అప్పుడు మా మావయ్యగారు మధ్యలోకి వెళ్లి, "ఒరేయ్ అబ్బాయిలూ, ముందు ఒక్క తూర తీద్దాం, నీళ్లు ఎంత లాగుతాయో చూసి రెండోది తీద్దాం" అన్నారు. ఆ మాటకి రెండు ఊళ్లూ తగ్గాయి. దుంగకి మోకు కట్టి ట్రాక్టర్‌తో లాగారు. పిల్లలు నడుం లోతు నీళ్లల్లో దిగి కొడవళ్లతో డెక్క కోశారు. ఆడవాళ్లం గట్టున నిలబడి కోసింది కోసినట్టు పక్కకి ఈడ్చాం. ఆ వాసన, ఆ నల్లటి వేళ్లు, చేతులకి పట్టుకున్న జలగలు నాకు ఇప్పటికీ గుర్తే. తెల్లారేసరికి నీళ్లు జానెడు దిగాయి. మా కౌలు చేను ఇంకా నాలుగు రోజులు నీళ్లల్లోనే ఉంది. దిగాక వెళ్లి కంకి పట్టుకుని లాగితే మెడ దగ్గర ఊడి చేతికొచ్చేసింది. లోపల పాలు లేవు, నల్లటి తాలు.

ఆ చేనుకి మేం యజమానికి ఇవ్వాల్సిన కౌలు శిస్తు ఇచ్చాం. నష్టం రాసుకోడానికి వచ్చినవాళ్లు పాసుపుస్తకం ఎవరి పేరున ఉందని అడిగారు. కౌలు రైతుల కోసం 2019లో సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు, కార్డు పదకొండు నెలలకి ఇస్తారు, మంచిదే. కానీ ఆ కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. సంతకం అడిగితే వచ్చే ఏడు చేను ఇవ్వరేమోనని భయం. మా వీధిలో చాలామందికి కార్డు లేకపోవడానికి ఇదొక్కటే కారణం. మీ జాబితాలో రెండో అంశంగా ఇది రాయించండి. యజమానుల్ని కూర్చోబెట్టి, సంతకం వల్ల భూమి పోదని చెప్పి ఒప్పించే పని మండలంలో పార్టీ వాళ్లు చేయగలరు. ఊళ్లల్లో పెద్దరికం ఉన్నది వాళ్లకే.

మళ్లీ కాలువ దగ్గరికి వస్తాను. రోడ్ల గురించి ఇంకో మాట చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. ప్రతి పార్టీకీ సీసీ రోడ్డంటే ప్రేమ. వేసిన ప్రతిసారీ పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే ఇంకో పొర పోస్తారు. మా వీధిలో అరుగులున్న ఇళ్లు ఇప్పుడు రోడ్డు కంటే పల్లంలో ఉన్నాయి. వానొస్తే మా తోడికోడలు గడపకి అడ్డంగా ఇసక బస్తాలు పెట్టుకుంటుంది. పక్క కాలువ లేకుండా రోడ్డు, చాలినన్ని తూరలు లేకుండా చేల మధ్య గట్టు రోడ్డు, ఇలాంటివి వేయబోమని మీ పార్టీ రాసిస్తే అది గొప్ప హామీ. రోడ్డు వద్దని నేననడం లేదు. నీళ్లు ఎటు పోతాయో చూడకుండా వేసిన రోడ్డే డెల్టాలో సగం ముంపుకి కారణం అంటున్నాను. ఈ మాట ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

ముంపొక్కటే కాదు, ఉప్పు కూడా మురుగు కాలువ నుంచే వస్తుంది. కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసక మేటలేస్తే వాన నీరు సముద్రంలోకి దిగదు. పోటు సమయంలో సముద్రపు నీరు మాత్రం కాలువలోకి ఎగదన్నుతుంది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ చుట్టుపక్కల, కేశనపల్లిలో కొబ్బరి తోటలు ఎలా మోడులయ్యాయో వెళ్లి చూడండి. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ అక్కడికి వచ్చి చూసి వెళ్లారు. వరి పోతే వచ్చే ఏడు మళ్లీ వేసుకుంటాం. కాపుకొచ్చిన కొబ్బరి చెట్టు పోతే మళ్లీ అంతటిది కావడానికి ఎన్నేళ్లు పడుతుందో కోనసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. రొయ్యల చెరువుల మీద నాకు పగ లేదు, మా పెద్ద తమ్ముడిదీ అదే బతుకు. కానీ చెరువు గట్టు మురుగు బోదెని (చిన్న కాలువని) మింగేసి, ఉప్పు నీళ్లు పక్క వరి చేలోకి ఊరుతుంటే ఊరుకోవడం ఏ పార్టీకీ మంచిది కాదు. ఆక్రమించిన బోదె ఎవరిదైనా, తమ పార్టీ వాడిదైనా, తవ్విస్తామని రాయాలి. అక్కడే తెలుస్తుంది వాళ్ల చిత్తశుద్ధి.

ఈ కష్టం కొత్తదేం కాదు. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంటే వేయం అని విరామం ప్రకటించారు. దేశమంతా మా వైపు చూసింది. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా కమిటీని వేసింది. గిట్టుబాటు ధర, కూలీల ఖర్చులతో పాటు ఆ రోజు రైతులు గట్టిగా చెప్పింది ముంపు గురించే. 2022లో మళ్లీ కొన్ని మండలాల్లో అదే మాట వినపడింది. మధ్యలో డెల్టా ఆధునికీకరణ పేరుతో ఎన్నో ప్రకటనలు విన్నాం. ప్రధాన కాలువల గట్లకి అక్కడక్కడ సిమెంటు పడింది. మా మురుగు కాలువకి మాత్రం గుర్రపు డెక్కే మిగిలింది.

డ్రెయిన్లు జలవనరుల శాఖవి, మండల పరిషత్‌కి ఏం అధికారం ఉంది అని మీ నాయకులు అనొచ్చు. నేను ఒప్పుకోను. సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తు మీద జరగదు. ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు గుర్తు మీదే జరుగుతాయి. అంటే ఊళ్లకి దగ్గరగా పార్టీ తన పేరు పెట్టుకుని మాటిచ్చేది మండలంలోనే. ఓటు గుర్తు మీద అడిగి, పని దగ్గరకొచ్చేసరికి మాది కాదంటే ఎలా? మండల సర్వసభ్య సమావేశానికి అన్ని శాఖల అధికారులూ రావాలి. అక్కడ ఫలానా డ్రెయిన్, ఫలానా తూర, పూడిక ఎప్పుడు తీస్తారని పేరు పెట్టి అడిగి మినిట్స్‌లో రాయిస్తే తప్పించుకోవడం కష్టం. 1997 చట్టం కింద సాగునీటి సంఘాలున్నాయి, 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలు కూడా జరిగాయి. వాటి అధ్యక్షుల్నీ ఎంపీటీసీల్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి ఏ జీవో కావాలి? పంట బోదెలు, చిన్న మురుగు బోదెలు ఉపాధి పనుల్లో తవ్వించొచ్చు. మా ఊళ్లో ఒక వేసవిలో చేశారు, ఆ సార్వాకి ఆ బోదె కింద చేలల్లో ఆకుమళ్లు నిలిచాయి.

కాబట్టి ఆ జాబితా రాసేవాళ్లకి మీరు చెప్పాల్సింది ఇది. "మురుగు కాలువలు బాగు చేస్తాం" అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తే చెల్లదు. మండలంలో ఉన్న ప్రతి డ్రెయిన్ పేరు, అది ఏ ఊళ్ల నీళ్లు మోస్తుంది, ఎక్కడ కలుస్తుంది, ఎక్కడ వంతెన తీసి తూరలు వేశారు, ఎక్కడ ఆక్రమణ ఉంది, అన్నీ రాయాలి. దాళ్వా కోతలు అవుతుండగానే అంచనాలు సిద్ధమై, కాలువలకి నీళ్లు ఆపేసిన వారంలో మిషన్ దిగాలి. జూన్‌లో నీళ్లు వదలకముందు రైతుల్ని తీసుకెళ్లి చూపించి, వాళ్లు సంతకం పెట్టాకే బిల్లు ఇవ్వాలి. వాన రోజుల్లో డెక్క తీయడానికి మనుషులు, మోకులు, మిషన్ కిరాయి కోసం మండలంలో కొంత డబ్బు ముందే పక్కన పెట్టాలి. రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో ఒక్క నంబరు ఉండాలి. మూడు ఆఫీసుల నంబర్లు మాకు వద్దు.

ఇంకొకటి. ఈ జాబితా కోసం ఊళ్లల్లో మీటింగులు పెడితే రామాలయం అరుగు మీద మగవాళ్లతో మాట్లాడి వెళ్లిపోకండి. కోనసీమలో చాలా ఇళ్లల్లో మగవాళ్లు గల్ఫ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్నారు. ఆకుమడి ఏ మూల మునుగుతుందో, ఏ తూర దగ్గర నీళ్లు ఆగుతాయో చేలో తిరిగే ఆడవాళ్లని అడగండి. సాయంత్రం డ్వాక్రా మీటింగ్ అయ్యాక వస్తే అందరం ఒకచోటే ఉంటాం. మా ఊరు మీ మండలంలోదే అయితే కబురు పెట్టండి, నేనే కాలువ గట్టు వెంబడి తీసుకెళ్లి చూపిస్తాను.