బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బ్రేకు చూసిన రాత్రి

“లారీలకు ఇన్ని భద్రతా నిబంధనలు ఉన్నాయి కదా, మన రోడ్ల మీద పోలీసులు, రవాణా శాఖ వాళ్లు వాటిని ఎందుకు అమలు చేయరు?” అని అడిగారు. చేయడం లేదని ఎవరన్నారు? చేస్తున్నారు. కాగితాల మీద చేస్తున్నారు, లారీ మీద కాదు.

విజయవాడ ఆటోనగర్‌లో పదకొండేళ్లు లారీలు తిప్పాను. మొదట ఒకటి, తరువాత రెండు, చివరికి సున్నా.

మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరును మన డ్రైవర్లు ఈనాటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు. ఆ పేరు పుట్టిన కాలంలో ఆయన నిజంగానే బ్రేకులు చూసేవాడేమో. నా బండి ఆపినవాళ్లలో ఒక్కరు తప్ప అందరూ ముందు అడిగింది ఫైలు. ఆర్‌సీ, పర్మిట్, ఇన్సూరెన్స్, పొల్యూషన్, ఎఫ్‌సీ (బండి రోడ్డుకు పనికొస్తుందనే ఫిట్‌నెస్ సర్టిఫికెట్). ఎఫ్‌సీ ఉంటే బండి బాగున్నట్టే లెక్క. అది ఎలా వస్తుందో నన్నడగండి. ఎఫ్‌సీకి బండి చూపించే రోజు పొద్దున్నే అరిగిన టైర్లు విప్పేసి, తెలిసినవాళ్ల దగ్గర కొత్తవి తెచ్చి బిగించి, రంగు కొట్టి, రిఫ్లెక్టర్ టేపు అంటించి తీసుకెళ్లడం. సాయంత్రానికి ఎవరి టైర్లు వాళ్లకు అప్పగించడం. పెళ్లిచూపులకు పక్కింటి నగలు పెట్టుకున్నట్టు. నేనూ రెండుసార్లు చేశాను. ఇప్పుడు ఎనిమిదేళ్లలోపు బండికి రెండేళ్లకోసారి, ఆ పైబడితే ఏడాదికోసారి ఈ పెళ్లిచూపులు.

2016 వానాకాలం. జగ్గయ్యపేట నుంచి రాజమండ్రికి సిమెంటు లోడు. అక్కడ ఒక పాత కిరాయి బాకీ వసూలు చేసుకునే పని ఉండి నేనూ క్యాబిన్‌లో కూర్చున్నాను. పది టైర్ల బండికి అప్పట్లో మొత్తం బరువు 25 టన్నులు దాటకూడదు. అంటే ఖాళీ బండి బరువు పోగా సరుకు 16 టన్నులు, 320 బస్తాలు. మేం ఎక్కించింది 400. అందరూ అంతే ఎక్కించేవారు. 320 బస్తాల కిరాయి డీజిలుకు, టోలుకు పోతే ఫైనాన్సు కిస్తీకి ఏం మిగులుతుంది? సరుకు పంపేవాడికి ఇది తెలుసు, దించుకునేవాడికీ తెలుసు. పట్టుబడేది మాత్రం డ్రైవరు.

భీమడోలు దాటాక రాత్రి రెండు గంటలప్పుడు జీపు అడ్డం వచ్చింది. అలవాటు ప్రకారం ఫైలు మధ్యలో నోటు పెట్టి నేనే దిగాను. ఇన్‌స్పెక్టరు కుర్రవాడు. ఫైలు తీసుకుని తెరవకుండానే జీపు బానెట్ మీద పెట్టాడు. డ్రైవరుతో, “గాలి నిండనిచ్చి ఇంజను ఆపు. బ్రేకు తొక్కి పట్టుకో” అన్నాడు. తరువాత ఒక్కో చక్రం దగ్గర ఆగి చెవి పెట్టి విన్నాడు. వెనక ఎడమ చక్రాల దగ్గర ఆగిపోయాడు. క్లీనరును గోనెసంచి అడిగి, తడి రోడ్డు మీద పరిచి, టార్చి పట్టుకుని బండి కిందికి దూరాడు.

“ఓనరుగారూ, ఒకసారి ఇలా రండి. మీరూ పడుకోవాలి.”

పడుకున్నాను. నా లారీని కింద నుంచి చూడటం అదే మొదటిసారి. లారీ బ్రేకు గాలి ఒత్తిడితో పట్టుకుంటుంది. టార్చి వెలుగులో, చక్రం దగ్గర ఆ గాలి అందుకునే డబ్బాకు, అదే బ్రేక్ చాంబర్‌కు, వెళ్లే గాలి పైపు మెలితిప్పి, మడిచి, ఇనప తీగతో గట్టిగా కట్టి ఉంది. డబ్బా లోపలి రబ్బరు పొర, డయాఫ్రం, చిరిగి గాలి పోతుంటే మిగతా చక్రాలకైనా గాలి అందాలని డ్రైవరు చేసిన ఏర్పాటు అది. అంటే ఆ చక్రానికి బ్రేకు లేదు. 20 టన్నుల సరుకుతో, వానలో, ఏలూరు దాటి వచ్చాం.

నేను డ్రైవరు మీద అరవబోయాను. అతను నెమ్మదిగా, “పోయిన వారమే చెప్పాను కదండీ. ఈ ట్రిప్పు కానివ్వు, చూద్దాం అన్నారు మీరు” అన్నాడు. అన్నాను. ఆ డయాఫ్రం ఖరీదు టైరు ఖరీదులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు.

ఇన్‌స్పెక్టరు నోటు నా చేతిలో పెట్టి ఓవర్‌లోడ్ కేసు రాశాడు. బండి కదలడానికి వీల్లేదన్నాడు. పొద్దున్న ఏలూరు నుంచి మెకానిక్కు వచ్చి నలభై నిమిషాల్లో పని ముగించాడు. అంతసేపూ ఆ కుర్రవాణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాను, అబద్ధం ఎందుకు.

నన్నడిగితే కెమెరాలు, ఈ-చలానాలు, పెద్ద జరిమానాలు ఇవేవీ పనికిరావు. గోనెసంచి, టార్చి చాలు. 2019 సవరణతో చట్టంలో ఓవర్‌లోడ్‌కు 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000 పెట్టారు. జరిమానా పెరిగితే లోడు తగ్గుతుందా? మామూళ్లు పెరుగుతాయి. అంతకుముందు 2018లో పది టైర్ల బండి పరిమితిని 25 నుంచి 28.5 టన్నులకు కేంద్రమే పెంచింది. నిన్నటి నేరం ఒక్క నోటిఫికేషన్‌తో సగానికి పైగా మాఫీ.

పోలీసులకు హెల్మెట్ కనిపిస్తుంది, సీటు బెల్టు కనిపిస్తుంది. బ్రేకు కనిపించదు, చూడటం వాళ్లకు ఎవరూ నేర్పలేదు. బండి బయటికి పొడుచుకువచ్చే ఇనప చువ్వలను 2014లోనే నిషేధించారు. ఇప్పటికీ చివర ఒక ఎర్రగుడ్డ కట్టుకుని ఊగుతూ వెళుతూనే ఉన్నాయి. రాత్రిపూట ఎర్రగుడ్డ నల్లగుడ్డేనని ఎవరికీ తట్టదా? ఇక వెనక ఒక్క దీపం లేని గడ్డి ట్రాక్టర్లు, చెడిపోయిన లారీ చుట్టూ పెట్టి బండి వెళ్లిపోయాక రోడ్డు మీదే వదిలేసే బండరాళ్లు... వాటి గురించి మొదలుపెడితే తెల్లవారుతుంది. 2025 నవంబరులో చేవెళ్ల దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది పోయారు. ఆ తరువాత కొన్నాళ్లు ఎక్కడ చూసినా తనిఖీలే. ఆ రోజుల్లో కూడా ఎంతమంది బండి కిందికి వంగి చూశారో చెప్పమనండి.

భీమడోలు సంగతి జరిగిన మరుసటి నెల అదే రోడ్డులో, దాదాపు అదే చోట మళ్లీ ఆపారు. వేరే ఇన్‌స్పెక్టరు. ఈసారి బ్రేకులన్నీ బాగున్నాయి, నేనే దగ్గరుండి చూపించుకున్నాను. లోడు మాత్రం 400 బస్తాలే. డ్రైవరు గోనెసంచి తీసి సిద్ధంగా పట్టుకున్నాడు. ఆయన జీపు దిగకుండానే చెయ్యి చాపి, “ఫైలు” అన్నాడు.