ఎంఆర్ఐ నార్మల్ అని వచ్చింది, కానీ అబ్బాయి అనుమానాలు తగ్గడం లేదు!

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. ఐదారు నెలలుగా స్నేహితులను కలవడం మానేశాడు. క్లాసులో అందరూ తన గురించే గుసగుసలాడుకుంటున్నారని అంటాడు. కాసేపటికి ‘నేనే అలా అనుకుంటున్నానేమో’ అని తనే అంటాడు. ఎవరూ లేకపోయినా పేరు పెట్టి పిలిచినట్టు రెండు మూడుసార్లు వినిపించిందట. మా మరిదికి స్కిజోఫ్రెనియా ఉంది. భయపడి ఎంఆర్ఐ తీయిస్తే నార్మల్ అని వచ్చింది. ఇలాంటి పిల్లల్లో మెదడు పొర పలచబడుతుందని చదివాను. ఇంకా పెద్ద స్కాన్ ఏదైనా చేయిస్తే ముందే తెలుస్తుందా?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: మళ్లీ స్కాన్ కోసం డబ్బు ఖర్చు పెట్టకండి అమ్మా. వీలైతే ఈ వారంలోనే అబ్బాయిని సైకియాట్రిస్టుకు చూపించండి.

మీరు చదివింది నిజమే. 2021లో ‘ఎనిగ్మా’ అనే అంతర్జాతీయ పరిశోధక బృందం 31 కేంద్రాల నుంచి 3,169 మంది ఎంఆర్ఐలను పరిశీలించింది. వారిలో 1,792 మందికి మీ అబ్బాయిలో కనిపిస్తున్నలాంటి తొలి లక్షణాలున్నాయి. మెదడు పైపొర మందం సగటున వీరిలో కొంచెం తక్కువగా ఉంది. తర్వాత సైకోసిస్ (లేని గొంతులు వినిపించడం, నిజం కానివి గట్టిగా నమ్మడం వంటి లక్షణాలున్న తీవ్ర మానసిక సమస్య) వచ్చిన 253 మందిలో, ముఖ్యంగా చెవుల పక్కగా ఉండే టెంపోరల్ భాగాల్లో, ఆ తేడా ఇంకాస్త స్పష్టంగా కనిపించింది. విన్న మాటలను అర్థం చేసుకోవడంలో ఆ భాగాలకు పాత్ర ఉంది.

అయితే ఇదంతా సగటు లెక్క. ఒక కాలేజీలో రెండు సెక్షన్ల సగటు మార్కులకు ఒకటి రెండు మార్కుల తేడా ఉందనుకోండి. ఒక విద్యార్థి మార్కులు చూసి అతను ఏ సెక్షనో చెప్పగలమా? ఇదీ అంతే. ఆ పొర మందమే సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. అందులో అతి చిన్న వంతు తేడా రేడియాలజిస్టు కంటికి కనిపించేది కాదు. వందల మంది స్కాన్లను కంప్యూటర్‌లో లెక్కగడితే బయటపడేది. పైగా టీనేజీలో ఈ పొర అందరిలోనూ కొంత పలచబడుతుంది, అది ఎదుగుదలలో భాగం. అందుకే ఏ స్కానూ ‘ఈ పిల్లవాడికి వస్తుంది, ఈ పిల్లవాడికి రాదు’ అని చెప్పలేదు. కణితి వంటివి లేవని తేల్చుకోవడానికి ఎంఆర్ఐ పనికొస్తుంది. అది మీకు ఇప్పటికే తెలిసింది.

మీ ఉత్తరంలో నాకు ధైర్యమిచ్చిన మాట ఒకటుంది. ‘నేనే అలా అనుకుంటున్నానేమో’ అని అబ్బాయి అనగలుగుతున్నాడు. తన అనుమానాన్ని తనే ప్రశ్నించుకుంటున్నాడంటే, సైకోసిస్ పూర్తిగా ముదరలేదని అనుకోవచ్చు. ఇలాంటి ముప్పు దశలో వైద్యులను కలిసినవారిలో మూడేళ్లలో సైకోసిస్‌కు చేరేది దాదాపు నలుగురిలో ఒకరే. మరిదికి జబ్బు ఉండటం ముప్పును కాస్త పెంచుతుంది కానీ, వచ్చి తీరుతుందని కాదు.

సైకియాట్రిస్టు ముందుగా అబ్బాయితో తీరిగ్గా మాట్లాడతారు. నిద్ర, దిగులు, గంజాయి అలవాటు గురించి అడుగుతారు. గంజాయి మాట వచ్చినప్పుడు మీరు బయట కూర్చోండి, మీ ముందు నిజం చెప్పకపోవచ్చు. ఈ వయసులో గంజాయి ముప్పును నిజంగా పెంచుతుంది. థైరాయిడ్, బి12 వంటి రక్తపరీక్షలు రాయవచ్చు. ఈ దశలో మొదటి చికిత్స సాధారణంగా కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనలను పరీక్షించి చూసుకోవడం నేర్పే కౌన్సెలింగ్. సైకోసిస్ మందులు వెంటనే మొదలుపెట్టాల్సిన అవసరం చాలామందికి ఉండదు. మరిదికి ఇచ్చిన మాత్రలు ఇంట్లో ఉంటే, దయచేసి అబ్బాయికి వేయకండి.

ఇంట్లో ‘అదంతా నీ భ్రమ’ అని వాదించకండి, ‘అవును, వాళ్లు అలాంటివాళ్లే’ అని వంత పాడకండి. ‘అలా అనిపించినప్పుడు భయం వేస్తోందా?’ అని అడిగి, చెప్పింది వినండి. రాత్రి నిద్ర వేళలు తప్పకుండా చూడండి. తాయెత్తు కట్టించాలనిపిస్తే అది మీ ఇష్టం, కానీ దానికోసం డాక్టరు దగ్గరకు వెళ్లడం వాయిదా వేయకండి. దగ్గరలో ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఫిట్స్, జ్వరంతో అయోమయం, వరుసగా రాత్రులు నిద్రలేకపోవడం, ఏదో చేయమని గొంతులు ఆదేశించడం, చనిపోవాలన్న మాట - వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. దారిలోనూ, అక్కడా అబ్బాయిని ఒంటరిగా వదలకండి.