గోడ తవ్వించే ముందు ట్యాంకును ఒక రాత్రి గమనించండి

ప్రశ్న: మాది బరంపురంలో సొంత ఇల్లు. ఉండేది ముగ్గురమే అయినా, పొద్దున నింపిన వెయ్యి లీటర్ల ట్యాంకు సాయంత్రానికే ఖాళీ అవుతోంది. రోజుకు రెండుసార్లు మోటారు వేయవలసి వస్తోంది. ఎక్కడా నీరు కారిన జాడ లేదు. ప్లంబరు మాత్రం బాత్‌రూము గోడ తవ్వి చూడాలంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: గోడ తవ్వడానికి ఇప్పుడే ఒప్పుకోకండి. పర్లాకిమిడి, రాయగడల నుంచి కూడా ఇలాంటి ఉత్తరాలు వస్తున్నాయి గనుక కొంచెం వివరంగా చెబుతాను. పట్టణాల నీటి పథకాలకు మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కను ప్రమాణంగా తీసుకుంటారు. ఆ ప్రకారం ముగ్గురికి దాదాపు 400 లీటర్లు సరిపోవాలి కాబట్టి మీ అనుమానం సబబైనదే.

ఈ రాత్రి పడుకోబోయే ముందు ట్యాంకు నింపి, అడుగున ఉండే గేట్‌వాల్వు కట్టేసి, లోపల నీటిమట్టం దగ్గర గుర్తు పెట్టండి. పాత వాల్వులు ఒక్కోసారి పూర్తిగా మూసుకోవు. కింద కొళాయి తిప్పితే ధార ఆగిపోవాలి. తెల్లవారేసరికి మట్టం దిగితే లోపం ట్యాంకుదో, వాల్వు దాకా ఉన్న గొట్టానిదో అవుతుంది. దిగకపోతే మరునాటి రాత్రి వాల్వు తెరిచి, కొళాయిలన్నీ కట్టి, ఎవరూ నీళ్లు వాడకుండా మళ్లీ చూడండి. ఈసారి దిగితే నీరు ఇంటిలోపలే పోతోందన్నమాట.

అప్పుడు మొదట అనుమానించవలసింది ఫ్లష్ ట్యాంకును. అందులోంచి జారే నీరు కమోడు లోపలి గోడను అంటుకుని సన్నని పొరలా దిగి నేరుగా మురుగులో కలుస్తుంది గనుక చప్పుడూ వినిపించదు, చెమ్మా కనిపించదు. మిఠాయిల్లో వేసే రంగు చిటికెడు ఆ ట్యాంకులో కలిపి, అరగంట ఫ్లష్ చేయకుండా ఉండండి. కమోడులోకి రంగు దిగితే, ఎక్కువగా అడుగునున్న రబ్బరు వాషరు అరిగిపోయి ఉంటుంది. అలా కాక, లోపలి నిలువు గొట్టం అంచు దాటి నీరు పొర్లుతుంటే ఫ్లోటును కాస్త కిందికి దించి చూడండి.

కొళాయిలనూ తేలిగ్గా తీసుకోకూడదు: సెకనుకు ఒక చుక్క పడినా రోజుకు సుమారు 20 లీటర్లు పోతాయి. వేసవిలో రుషికుల్య పాయ సన్నబడినప్పుడు ఆ నీటి విలువ మీకు తెలియనిది కాదు. ఒక హార్స్‌పవర్ మోటారు రోజూ గంట అదనంగా నడిస్తే నెలకు 22 యూనిట్లకు పైగానే కరెంటు కాలుతుంది.

ఫ్లష్‌కు నీరందించే యాంగిల్‌వాల్వు కట్టి, కొళాయిలు సరిచేయించాక కూడా రాత్రి మట్టం దిగుతూనే ఉంటే, గోడలోని గొట్టాన్ని అనుమానించక తప్పదు. అప్పుడైనా గోడంతా కాక, రంగు పొంగిన చోటో సున్నం రాలిన చోటో మొదట తవ్వించండి.