టెక్ సందేహాలు: వల ఎన్నిసార్లు విసిరినా ఒకటే ఫంక్షన్

ప్రశ్న: రొయ్యలు కొనే వ్యాపారి దగ్గర లెక్కల సాఫ్ట్‌వేర్ చూస్తుంటాను. పట్టుబడికి ముందు విసురు వలతో శాంపిల్ తీసి కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలో లెక్క కడతాం. ఒక చెరువులో మూడుసార్లు విసిరితే ఇంకో చెరువులో ఏడెనిమిది సార్లు విసురుతాం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో, దాని సొంత భాష పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్‌లో, పది పారామీటర్లతో అంటే పది విలువలు తీసుకునేలా ఒక ఫంక్షన్ రాసి, మిగిలిపోయిన వాటికి సున్నా ఇస్తున్నాను. సగటు తప్పు వస్తోంది. ఎన్ని విలువలిచ్చినా తీసుకునే ఫంక్షన్ డేటాబేస్‌లో రాయలేమా సార్?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: రాయొచ్చు. ముందు ఆ సున్నాల సంగతి చూద్దాం. 42, 40, 44 అని మూడు శాంపిళ్లు వచ్చాయనుకోండి. మొత్తం 126. మీ ఫంక్షన్ దాన్ని పదితో భాగించి 12.6 అంటోంది. 42 కౌంట్ రొయ్య కాగితం మీద పన్నెండు కౌంట్ అయిపోయింది! కౌంట్ తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది కాబట్టి రైతుకి పండగే, మీ వ్యాపారి మాత్రం దుకాణం మూసుకోవాలి.

పోస్ట్‌గ్రెస్‌లో 2009లో వచ్చిన 8.4 వెర్షన్ నుంచీ దీనికి దారి ఉంది. ఫంక్షన్ రాసేటప్పుడు చివరి పారామీటర్ ముందు వేరియాడిక్ అని పెట్టి, దాని టైపును న్యూమరిక్ అర్రేగా, అంటే అంకెల వరసగా ఇవ్వాలి. వి, ఏ, ఆర్, ఐ, ఏ, డి, ఐ, సి, ఇదీ స్పెల్లింగ్. చెరువు నంబరు లాంటి మామూలు పారామీటర్లు దానికి ముందు ఎన్నైనా ఉండొచ్చు. పిలిచేటప్పుడు మూడు కౌంట్లు ఇచ్చినా ఎనిమిది ఇచ్చినా పోస్ట్‌గ్రెస్ వాటన్నిటినీ మూటగట్టి ఒక అర్రేగా లోపలికి అందిస్తుంది. లోపల మీకు కనిపించేది మామూలు అర్రేనే. అన్‌నెస్ట్‌తో దాన్ని వరసలుగా విప్పి, సగటు తీసే ఏవీజీ ఫంక్షన్ వాడితే సరిపోతుంది, లూప్ అక్కర్లేదు.

లూప్ వద్దనడానికి కారణం ఉంది. శాంపిళ్లలో ఒకటి ఖాళీగా, అంటే నల్‌గా వస్తే ఏవీజీ దాన్ని వదిలేసి మిగతావాటికి సగటు కడుతుంది. లూప్‌లో కూడుకుంటూ పోతే నల్ కలిసిన చోటినుంచి మొత్తం కూడా నల్ అయిపోతుంది. నల్ ఇస్తే ఫంక్షన్ నడవకుండా ఆపే స్ట్రిక్ట్ అనే మాట పెట్టాం కదా అని ధీమాగా ఉండకండి. స్ట్రిక్ట్ చూసేది అర్రే నల్లా కాదా అనే, లోపలి విలువల్ని అది పట్టించుకోదు. ఈ పాఠం నేను ఒక బిల్లులో మొత్తం గడి ఖాళీగా ప్రింటయ్యాక నేర్చుకున్నాను.

పాత ఫంక్షన్‌ని డ్రాప్ చేయడం, అంటే తీసెయ్యడం మర్చిపోవద్దు. క్రియేట్ ఆర్ రీప్లేస్ అన్నా పారామీటర్లు మారాయి కాబట్టి అది పాతదాన్ని తీసెయ్యదు, పక్కన ఇంకోటి పెడుతుంది. ఆ తర్వాత మీరు సరిగ్గా పది విలువలిచ్చిన రోజు పాతదే పలుకుతుంది. రెండూ ఒకే స్కీమాలో (డేటాబేస్‌లోని ఒకే విభాగంలో) ఉండి రెండూ సరిపోతే, వేరియాడిక్ కానిదానికే పోస్ట్‌గ్రెస్ మొగ్గు చూపుతుంది. తొమ్మిదికి ఒక ఫంక్షన్, పదికి ఇంకో ఫంక్షన్ పనిచేస్తుంటే తప్పు ఎక్కడుందో వెతకడం మహా టెన్షన్.

ఒక్క విలువ కూడా ఇవ్వకుండా పిలిస్తే అలాంటి ఫంక్షనే లేదని ఎర్రర్ వస్తుంది. ఒక్క పిలుపులో వందకి మించి ఆర్గ్యుమెంట్లు (పిలిచేటప్పుడు ఇచ్చే విలువలు) ఇవ్వడమూ కుదరదు. ఈ రెండింటికీ ఒకటే మందు: పిలిచేటప్పుడు కూడా వేరియాడిక్ అని రాసి, అర్రేని నేరుగా అందించడం. ఖాళీ అర్రే అయినా వెళ్తుంది, రెండొందల విలువలున్నదైనా వెళ్తుంది. మీ యాప్ నుంచి పిలిచేటప్పుడు ఇదే వాడండి. ఒక్కో చెరువుకీ ఒక్కో పొడవున, విలువల చోట ప్రశ్నార్థకాలు పేర్చి క్వెరీ తయారుచేసే పని తప్పుతుంది.

ఇంత చెప్పాక ఒక మాట. అసలు మీరు సగటు కట్టే పద్ధతే నాకు నచ్చలేదు. మొదటి వలలో రెండు కిలోలకు 80 రొయ్యలు, అంటే 40 కౌంట్. రెండో వలలో ఒక కిలోకి 50 రొయ్యలు, అంటే 50 కౌంట్. రెండు కౌంట్లకూ సగటు 45. కానీ నిజానికి మూడు కిలోలకు 130 రొయ్యలు, అంటే 43.3 కౌంట్. ఇది సరిగ్గా రావాలంటే ప్రతి శాంపిల్‌కీ తూకం, సంఖ్య రెండూ కావాలి. వేరియాడిక్ ఇచ్చేది ఒకే టైపు విలువల వరస, జతలకి అది అంత అనువు కాదు. శాంపిళ్లకు ఒక టేబుల్ పెట్టి, వల విసిరిన ప్రతిసారీ ఒక వరస రాయండి. సంఖ్యల మొత్తాన్ని తూకాల మొత్తంతో భాగించండి. అప్పుడు ఈ ఫంక్షన్‌తో పనే ఉండదు. రేపు రైతు వచ్చి అడిగితే చూపించడానికి లెక్క కూడా ఉంటుంది.

ప్రశ్న: మా గ్రానైట్ యూనిట్‌లో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వాడుతున్నాం. అందులోనూ ఇలా రాయొచ్చా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: లేదండీ. అక్కడ స్టోర్డ్ ఫంక్షన్‌కి పారామీటర్లు ఎన్నని రాస్తే అన్నే. బ్లాకుల కొలతల్ని ఒక జేసాన్ (డేటాని టెక్స్ట్‌గా రాసే పద్ధతి) అర్రేగా చేసి ఒకే పారామీటర్‌లో పంపండి. 8.0 వెర్షన్ అయితే లోపల జేసాన్ టేబుల్ ఫంక్షన్ దాన్ని వరసలుగా విప్పుతుంది. కామాలతో కలిపిన స్ట్రింగ్ పంపి ఫైండ్ ఇన్ సెట్‌తో వెతికే పాత అలవాటు ఇంకా చాలామందికి ఉంది. అది ఇండెక్స్‌ని వాడుకోదు, టేబుల్ పెరిగేకొద్దీ ఈడుస్తుంది.

ప్రశ్న: పోస్ట్‌గ్రెస్‌లోని ఫార్మాట్ ఫంక్షన్‌కి అంకెలు, తేదీలు, పేర్లు అన్నీ కలిపి ఇచ్చినా తీసుకుంటుంది. నిమ్మకాయల మార్కెట్ చీటీకి అలాంటిదే పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్‌లో రాయాలని చూస్తే ఒప్పుకోవడం లేదు.
– ఒక పాఠకురాలు, పొదలకూరు

జవాబు: ఒప్పుకోదమ్మా. ఏ టైపైనా తీసుకునే 'ఎనీ' రకం వేరియాడిక్ సి భాషలో రాసిన ఫంక్షన్లకే చెల్లుతుంది. ఫార్మాట్, కన్‌క్యాట్ అలా రాసినవే, 9.1 వెర్షన్ నుంచీ ఉన్నాయి. మీరు ఎనీఅర్రే వాడితే టైపు ఏదైనా ఫర్వాలేదు కానీ అన్నీ ఒకటే అయి ఉండాలి. 13వ వెర్షన్ నుంచి ఎనీకంపాటిబుల్అర్రే అని ఇంకోటి ఉంది, అది పూర్ణాంకాన్నీ దశాంశాన్నీ కలిపిస్తే రెంటికీ సరిపడే టైపుకి మారుస్తుంది. తేదీనీ అంకెనీ మాత్రం అదీ కలపలేదు. చీటీ ఎలాగూ కాగితం మీదికి వెళ్లేదే కాబట్టి, అన్నిటినీ టెక్స్ట్‌గా మార్చి టెక్స్ట్ అర్రే వేరియాడిక్‌కి ఇచ్చేయండి. లేదంటే ఆ ఫార్మాట్‌నే వాడుకోండి, కొత్తది రాసేదెందుకు?