చెత్త బండిలో కలిపేస్తున్నారని ఇంట్లో వేరు చేయడం మానకండి

మీ ప్రశ్న ఇది: "మేము తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇస్తున్నా బండిలో రెండూ ఒకే చోట గుమ్మరిస్తున్నారు. అలాంటప్పుడు ఇంట్లో వేరు చేయడం వల్ల ప్రయోజనం ఏమిటి?" విజయవాడలో ఏ అపార్ట్‌మెంట్ సమావేశంలోనైనా ఈ ప్రశ్న వస్తుంది. ఎవరో ఒకరు ఈ మాట అనగానే మిగిలినవారు తలలు ఊపుతారు, మరునాటి నుంచి అందరూ మళ్లీ ఒకే సంచిలో అన్నీ వేయడం మొదలుపెడతారు. నా సమాధానం సూటిగా చెబుతాను. వేరు చేయడం మానకండి, కానీ వేరు చేసిన పొడి చెత్తను బండికి ఇవ్వడం మానండి. దానిని పాత సామాన్లు కొనేవారికి ఇవ్వండి. బండికి వెళ్లవలసింది ఎవరూ కొననిది మాత్రమే.

ఇంత ధీమాగా ఎందుకు చెబుతున్నానంటే, పొడి చెత్తకు విలువ ఉండేది అది పొడిగా ఉన్నంతకాలమేనని నేను కళ్లారా చూశాను. మాది విజయవాడలోని పాయకాపురం. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు మా ప్రాంతాన్ని ముంచెత్తినప్పుడు మేము పై అంతస్తులో తలదాచుకున్నాము. నీరు తీసిన తరువాత కిందికి దిగి చూస్తే గదుల నిండా ఒండ్రు, దాని మీద నల్లటి నీరు, పులిసిపోయిన బియ్యం బస్తా వాసన. వీధిలో ప్రతి ఇంటి ముందూ ఇంట్లోని వస్తువులన్నీ గుట్టలుగా చేరాయి. నానిన దూది పరుపులు, ఉబ్బి విచ్చిపోయిన చెక్క బీరువాలు, సోఫాలు, పిల్లల ఇంటర్మీడియట్ పుస్తకాలు, మా అత్తగారు పెళ్లినాటి నుంచి దాచుకున్న పట్టుచీరలు, అన్నీ ఒకే రంగులోకి మారిపోయాయి. ఇతర పట్టణాల నుంచి వచ్చిన పారిశుద్ధ్య కార్మికులు పారలతో బురద ఎత్తి పోస్తుంటే, అగ్నిమాపక శకటాలు వీధులను కడిగాయి. ఆ రోజుల్లో ఆ కార్మికులు చేసిన సేవను మా వీధి ఎన్నటికీ మరువకూడదని నేను ఇప్పటికీ అందరికీ చెబుతూ ఉంటాను.

అదే సమయంలో పాత సామాన్లు కొనే ఆటోలు వరుసగా మా వీధుల్లోకి వచ్చాయి. ఒక వ్యక్తి మా ఇంటి ముందు గుట్టను చాలా ఓపికగా కదిపి చూశాడు. ఇనుప బీరువాను తీసుకున్నాడు, పాడైపోయిన ఫ్రిజ్‌ను, గ్రైండర్ మోటారును, సొట్టలు పడిన అల్యూమినియం గిన్నెలను తూకం వేసి డబ్బు ఇచ్చాడు. నేను అమ్ముదామని మెట్ల కింద పేర్చి ఉంచిన వార్తాపత్రికల కట్టలను, నోటు పుస్తకాలను మాత్రం చేత్తో తాకి వదిలేశాడు. "కాగితం కాగితమే కదా బాబూ, ఎండబెట్టి ఇస్తే తీసుకోవా?" అని అడిగాను. "ఎండినా పనికి రాదమ్మా. మట్టి పట్టేసింది, బూజు వస్తుంది, మిల్లు వాళ్లు లోడు వెనక్కి పంపేస్తారు" అన్నాడు. బురద పట్టిన ప్లాస్టిక్ డబ్బాల దగ్గర కూడా అదే మాట. కడిగి ఆరబెట్టే కూలి వాటి ధర కంటే ఎక్కువ అవుతుందట. వారం ముందు అతనే కిలో లెక్కన కొనేవాడు, ఇప్పుడు ఉచితంగా ఇచ్చినా వద్దంటున్నాడు. మా జిల్లాల వారికి ఇది కొత్త సంగతి కాదు. కొనుగోలు కేంద్రంలో ధాన్యం తేమ 17 శాతం దాటితే రైతు ఎంత ఇబ్బంది పడతాడో మనకు తెలుసు, కాగితానికీ అట్టపెట్టెకూ కూడా అదే న్యాయం వర్తిస్తుంది.

బుడమేరు మా కాగితాలకు చేసిన నష్టాన్ని మన వంటింటి చెత్తబుట్ట రోజూ చేస్తోంది. మిగిలిన సాంబారు, పెరుగన్నం, కాఫీ పొడి పిప్పి, చేప కడిగిన నీళ్లు పడిన సంచిలోనే అట్టపెట్టె, పాల ప్యాకెట్, నూనె సీసా కూడా పడితే, వాటిని తరువాత ఎంత పెద్ద యంత్రంతో వేరు చేసినా కొనేవారు దొరకరు. కాబట్టి బండిలో కలిపేయడం అనేది రెండో తప్పు, మొదటి తప్పు మన సింక్ పక్కనే జరుగుతోంది. మన ఇంట్లో పొడిగా మిగిలిన కాగితం ఇంటి గడప నుంచి నేరుగా తుక్కు కొట్టుకు వెళితే, బండిలో ఏది దేనితో కలిసినా మీ శ్రమ వృథా కాదు.

వేగంగా పెరిగిన ఆసియా నగరాలు పడిన కష్టాలన్నిటి వెనుకా నాకు ఈ తేమే కనిపిస్తుంది. ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో 1987లో డెన్మార్క్ సాంకేతికతతో చెత్తను కాల్చే కేంద్రాన్ని కట్టారు. మన చెత్తలో తడి ఎక్కువ, మండే గుణం తక్కువ కావడంతో అది కొద్ది రోజులకే ఆగిపోయింది. మనకు దగ్గరలోని కొండవీడు వద్ద 2022లో 15 మెగావాట్ల చెత్త విద్యుత్ కేంద్రం ప్రారంభమైంది. అలాంటి కేంద్రానికి కొబ్బరి బొండాల నీళ్లు, పులుసు కలిసిన చెత్త పంపితే అందులోని వేడిలో చాలా భాగం ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. పూడ్చిపెట్టడం ఇంకా ప్రమాదకరం. 2000 జులైలో మనీలా మహానగర పరిధిలోని పయాటాస్‌లో, 2005 ఫిబ్రవరిలో ఇండోనేషియాలోని బాండుంగ్ సమీపంలో చెత్త కొండలు విరిగిపడి ఒక్కోచోట వందకు పైగా ప్రాణాలు పోయాయి. రెండు చోట్లా ముందు భారీ వర్షాలు పడ్డాయి. తడి చెత్త కుళ్లి మీథేన్ అనే మండే వాయువును పుట్టిస్తుంది, ఆ గుట్టలోకి వాన నీరు కూడా చేరితే అది నిలవదు.

దక్షిణ కొరియా ఈ సంగతిని గ్రహించింది. 1995లో సంచి పరిమాణాన్ని బట్టి రుసుము పెట్టింది, 2005లో ఆహార వ్యర్థాలను నేరుగా పూడ్చడాన్ని నిషేధించింది, 2013 నుంచి సియోల్ వంటి నగరాల్లో ఆహార వ్యర్థాలను తూకం వేసి వసూలు చేస్తోంది. తూకానికి డబ్బు కట్టవలసి రావడంతో అక్కడి వారు మిగిలిన కూరలోని నీళ్లు వడకట్టి పారేయడం అలవాటు చేసుకున్నారు. నా ఉద్దేశంలో మొత్తం సంస్కరణలో అతి ముఖ్యమైనది ఆ వడకట్టడమే. మన దగ్గర 2021 అక్టోబరులో ఇంటింటికీ మూడు రంగుల బుట్టలు ఇవ్వడం, రుసుము వసూలు చేయడం మొదలైంది, 2024లో ఆ రుసుము రద్దయింది. ఈ మూడేళ్లలో నేను విన్న చర్చ అంతా డబ్బు గురించే. ఎవరి హయాంలో పెట్టారు, ఎవరి హయాంలో తీశారు అన్న వాదనలు గంటల తరబడి సాగాయి. సింక్ పక్కన ఒక జల్లెడ పెట్టుకుందామన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఇక తడి చెత్త సంగతి. దానిని మీ ప్రహరీ దాటనివ్వకూడదన్నది నా గట్టి అభిప్రాయం. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు 5,000 చదరపు మీటర్లకు మించిన గేటెడ్ కమ్యూనిటీలు వీలైనంతవరకు తమ ఆవరణలోనే తడి చెత్తను ఎరువుగా మార్చుకోవాలని చెప్పాయి. చిన్న అపార్ట్‌మెంట్లకు ఆ నిబంధన వర్తించకపోయినా పద్ధతి ఒకటే. అడుగున, పక్కల రంధ్రాలు పెట్టిన డ్రమ్ము ఒకటి, వీధిలో ఊడ్చిన ఎండుటాకులు ఒక బస్తా, కొంచెం పాత పేడ లేదా పుల్లటి మజ్జిగ ఉంటే చాలు. ఒక వంతు తొక్కలు వేస్తే దానిపై రెండు వంతుల ఎండుటాకులు వేయాలి. వాసన వస్తోందంటే ఆకులు తక్కువయ్యాయని అర్థం. మన ఎండలకు రెండు మూడు నెలల్లో ఎరువు తయారవుతుంది. మాంసం, చేపల వ్యర్థాలను ఇంటి డ్రమ్ములో వేయకండి, వాటిని బండికే ఇవ్వండి. ఆవకాయ రోజుల్లో వచ్చే మామిడి జీడి నెమ్మదిగా కుళ్లుతుంది, చితగ్గొట్టి వేస్తే మేలు. ఎండుటాకులను వీధి చివర తగలబెట్టే అలవాటు మా దగ్గర ఇంకా పోలేదు. పొగ పీల్చడం కోసం ఎరువును కాల్చేస్తున్నామని చెప్పినా వినేవారు తక్కువ.

మీ వీధికి చెత్త బండితో వచ్చే పారిశుద్ధ్య కార్మికురాలి గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆమె సంచులను చేతులతోనే విప్పుతుంది. పగిలిన గాజును మందపాటి అట్టలో చుట్టి పైన రాసి ఇవ్వండి. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు కాగితంలో చుట్టి, పైన ఎర్ర గుర్తు పెట్టి విడిగా ఇవ్వండి. చిప్స్, బిస్కెట్ల రేకు కవర్లను తుక్కు కొట్టు వారు కొనరు, కాబట్టి అవి కూడా బండికే వెళ్లాలి, కానీ పొడిగా వెళ్లాలి.

మిగిలినవన్నీ మీ బాల్కనీలో ఒక గోనె సంచిలో నెల రోజులు హాయిగా నిలవ ఉంటాయి. పాల ప్యాకెట్‌ను ఒకసారి తొలిపి, ఆ నీటిని మొక్కలకు పోసి, ప్యాకెట్‌ను బట్టల తీగ మీద క్లిప్పుతో ఆరబెట్టండి. దాని మూలను పూర్తిగా కత్తిరించవద్దు, గాటు పెట్టి వదిలేయండి. విడిపోయిన ఆ చిన్న ముక్కను ఏ తుక్కు కొట్టూ తూకం వేయదు, అది నేరుగా కాలువలోకి చేరుతుంది.