నల్లరేగడి చేనుకు పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి: ఎంతలో కొనాలి, ఏ డబ్బుతో కొనాలి?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. పద్నాలుగు ఎకరాల నల్లరేగడిలో మిర్చి, పత్తి వేస్తాం. తారురోడ్డు నుంచి చేనుకు రెండు కిలోమీటర్ల డొంక ఉంది. వానలు మొదలైతే ఇప్పుడున్న పాత కారు అందులో పోదు. ట్రాక్టరు మీద వెళ్దామంటే నడుము నొప్పి. సుఖంగా కూర్చోగలిగే, నమ్మదగిన పాత ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలనూ ఇంజను తిప్పే) బండి కొనాలని మూడు చూశాను: గుంటూరులో 2018 థార్ 6.75 లక్షలు, హైదరాబాదులో 2018 ఇసుజు వి-క్రాస్ 10.5 లక్షలు, ఢిల్లీ నుంచి తెప్పిస్తామంటున్న 2014 స్కార్పియో 3.25 లక్షలు. బ్యాంకులో వేర్వేరు రసీదుల కింద 8 లక్షల డిపాజిట్లు ఉన్నాయి. అమ్మాయి ఈ ఏడాది ఇంజనీరింగులో చేరుతోంది, ఏటా లక్ష దాకా కావాలి. పాత కారుకు లక్షన్నర వస్తుంది. 3 లక్షల పంట రుణం ఉంది. తక్కువ పడింది ఫైనాన్సులో తీసుకోవచ్చా?

జవాబు: బండి సంగతికి ముందు డబ్బు సంగతి తేల్చుకుందాం. మీ 8 లక్షల్లో నాలుగేళ్ల చదువుకు 4 లక్షలు పక్కన పెట్టాలి. పంట దెబ్బతిన్న ఏడాదికి ఇంకో లక్షన్నర ముట్టుకోకుండా ఉంచాలి. మిర్చి రైతుకు ఈ రెండో మాట విడమరచి చెప్పనక్కర్లేదు. 2023లో క్వింటాలు ఇరవై వేలు దాటిన సరుకుకే 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం (ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకునేది) కింద 11,781 రూపాయలు ఖరారు చేయవలసిన పరిస్థితి వచ్చింది. కాబట్టి మీ చేతిలో బండికి మిగిలేది రెండున్నర లక్షలు, పాత కారు అమ్మగా వచ్చే లక్షన్నర, మొత్తం 4 లక్షలు.

తక్కువ పడిన దానికి ఫైనాన్సు కంపెనీ దగ్గరికి వెళ్లకండి. చదువు చివరి రెండేళ్ల కోసం ఉంచే 2 లక్షల రసీదుల మీద బ్యాంకులోనే అప్పు తీసుకోండి. డిపాజిట్ విలువలో దాదాపు 90 శాతం దాకా ఇస్తారు, అంటే 1.8 లక్షలు. వడ్డీ సాధారణంగా డిపాజిట్ వడ్డీ కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ ఉంటుంది, పైగా మిర్చి అమ్మిన నెలలోనే ఒకేసారి కట్టుకునే వీలుంటుంది. 8 శాతం వడ్డీ అనుకుని, రెండు పంటల మీద ఏటా మార్చిలో 90 వేల చొప్పున అసలు తీర్చేస్తే మీకు పడే వడ్డీ 21,600 రూపాయలు. ఇదే 1.8 లక్షలను పాత బండ్ల ఫైనాన్సులో 14 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే నెలకు 6,152 రూపాయల కిస్తీ, మొత్తం వడ్డీ సుమారు 41,500 అవుతుంది. అంతకంటే ముఖ్యమైన చిక్కు మరొకటి ఉంది: చేలో పెట్టుబడి పెట్టడమే తప్ప రాబడి లేని నెలల్లోనూ ఆ కిస్తీ కట్టాలి. ఇక ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఒక్క ఏడాదికే 43,200 పోతాయి, అంటే ఫైనాన్సు కంపెనీకి మూడేళ్లలో కట్టే వడ్డీ కంటే ఎక్కువ. ఒక పంట పోయినా కట్టవలసిన 90 వేలకు ఆ లక్షన్నర నిల్వ ఆసరాగా ఉంటుంది కనుకనే చదువు డబ్బును తాకట్టు పెట్టమని సాహసించి చెబుతున్నాను.

పంట రుణాన్ని మాత్రం ఈ లెక్కలోకి లాగవద్దు. 3 లక్షల వరకు 7 శాతానికి ఇచ్చే ఆ అప్పును గడువులోగా తీర్చిన వారికి 3 శాతం రాయితీ వచ్చి 4 శాతమే పడుతుంది, గడువు దాటితే ఆ రాయితీ పోతుంది. బండి కోసం ఆ గడువు తప్పితే మీకున్న అన్ని అప్పుల్లోకీ చవకైన అప్పును ఖరీదు చేసుకున్నట్టే.

అంటే మొత్తం 5.8 లక్షలు. అందులో అమ్మేవారి చేతికి ఇచ్చేది 5 లక్షలు దాటకూడదు. మిగిలిన 80 వేలు పేరు మార్పిడికి, బీమాకు, టైర్లకు, మొదటి ఏడాది మరమ్మతులకు. పాత ఫోర్ వీల్ డ్రైవ్ కొని ఈ సొమ్ము విడిగా పెట్టుకోని వాళ్లే తర్వాత వడ్డీ వ్యాపారి గడప తొక్కుతారు. నల్లరేగడి టైరు గాళ్లలో ముద్దలా పేరుకుపోతుంది. అరిగిన టైర్లతో నాలుగు చక్రాలూ తిరిగి బండి ఉన్నచోటే ఉంటుంది, కనుక ఆ 80 వేలలో సగం టైర్లకే పోయినా ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు మీరు చూసిన బండ్లు. వి-క్రాస్ మంచి బండే, 2016 నుంచి మన రాష్ట్రంలోని శ్రీసిటీలోనే తయారవుతోంది. కానీ ధర మీ పరిమితికి రెట్టింపు, పొడవు 5.3 మీటర్లకు కొంచెం తక్కువ. ఇరుకు డొంకలో దాన్ని తిప్పుకోవడం ఒక పని. దాని వెనుక తొట్టి ఎవరికి అవసరమో ఆలోచించండి. ఎరువుల బస్తాలు, మిర్చి టిక్కీలు మోయడానికి మీకు ట్రాక్టరు ఎలాగూ ఉంది. మీకు కావలసింది మనిషిని, మందు డబ్బాలను, ఒకరిద్దరు పనివాళ్లను చేరవేసే బండి.

థార్ బురదలో మొండిగా పోతుంది, అందులో అనుమానం లేదు. అయితే 2020 అక్టోబరుకు ముందు వచ్చిన థార్‌కు వెనుక పట్టీ స్ప్రింగులు, వెనుక సీట్లు ఎదురెదురుగా పక్కవాటు బెంచీలు. నడుము నొప్పి ఉన్నవారికి ఆ బండిని నేను సిఫార్సు చేయను. అడుగుతున్న ధర కూడా మన లెక్కకు లక్షా డెబ్బై అయిదు వేలు పైన ఉంది.

ఢిల్లీ స్కార్పియో అంత చవకగా ఎందుకు వస్తోందంటే, పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు అక్కడి రోడ్ల మీద తిరగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించిన తర్వాత అక్కడి యజమానులు వాటిని వదిలించుకోవడం మొదలుపెట్టారు. అక్కడి రవాణా శాఖ నుంచి నిరభ్యంతర పత్రం రావాలి, ఇక్కడ కొత్త నంబరు తీసుకోవాలి, బండి వయసును, దాని అసలు ధరను బట్టి మళ్లీ జీవితకాల పన్ను కట్టాలి. వీటికి తోడు తెప్పించే ఖర్చు, ఏజెంటు కమీషన్. ఇవన్నీ కలిపిన మొత్తం రాసి చూపించమని ఆ ఏజెంటును అడగండి, 3.25 లక్షల అంకె ఎక్కడికి చేరుతుందో మీకే తెలుస్తుంది. పైగా కళ్లతో చూడని బండికి డబ్బు పంపడం ఏ ధరకైనా తప్పే.

ఇంతా చెప్పి నేను సూచించేది స్కార్పియోనే, కానీ ఇక్కడిది. ఆంధ్రప్రదేశ్ నంబరుతో, ఒకే యజమాని చేతిలో నడిచిన, 2014 చివర నుంచి 2016 మధ్య కాలపు ఫోర్ వీల్ డ్రైవ్ స్కార్పియో కోసం వెతకండి. వెనుక కాయిల్ స్ప్రింగులు కావడంతో గతుకుల్లో నడుముకు ఊరట ఉంటుంది. విడిభాగాలు నరసరావుపేటలోనే దొరుకుతాయి, చేయి తిరిగిన మెకానిక్కులూ ఉన్నారు. జాగ్రత్త ఒకటి: ఆ కాలపు స్కార్పియోల్లో ఎక్కువ వాటిలో ఇంజను రెండు చక్రాలనే తిప్పుతుంది. ఆర్‌సీలో మోడల్ పేరు చదివి, లోపల ఫోర్ హై (నాలుగు చక్రాలూ మామూలు వేగంలో), ఫోర్ లో (నాలుగూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో) వేసే స్విచ్ ఉందో లేదో చూసుకోండి. ఎవరైనా 2020 తర్వాతి డీజిల్ బండి తక్కువకు ఇస్తామంటే తొందరపడకండి. కొత్త కాలుష్య ప్రమాణాల (బీఎస్-6) డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, రోజూ రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా తిరిగే వాడకంలో అది మూసుకుపోయి ఖర్చు పెట్టిస్తుంది.

చూడటానికి వెళ్లినప్పుడు మీ మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. ఆయనకు ఇచ్చే కూలి ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే లాభసాటి ఖర్చు. దున్నిన చేలోనో ఇసుకలోనో ఫోర్ హై, ఫోర్ లో రెండూ వేయించి నడపండి. తారురోడ్డు మీద ఫోర్ వీల్‌లో తిప్పితే ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు, వెనుక చక్రాలకు పంచే పెట్టె) బిగుసుకుని పాడవుతుంది. పాత యజమానికి ఆ సంగతి తెలుసో లేదో మాటల్లో కనుక్కోండి. గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిలు కొద్దిగా తీయిస్తే పాలు కలిపిన కాఫీ రంగులో వచ్చిందంటే లోపలికి నీళ్లు వెళ్లినట్టు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో బండ్లు మునిగాయి, వాటిలో బాగుచేసి రంగేసినవి ఏ ఊరి బజారుకైనా రావచ్చు. అందుకే సీటు బెల్టును పూర్తిగా, చివరి అంగుళం దాకా బయటికి లాగి చూడండి. పైభాగాన్ని కడిగి ఉంటారు కానీ చుట్టలో దాగిన చివర మట్టి చార కనిపిస్తుంది. రొయ్యల చెరువుల మీద తిరిగిన బండయితే అడుగున ఛాసిస్‌ను సుత్తితో తట్టి చూడాలి. పైకి మెరుస్తున్నా ఉప్పునీరు అడుగును తినేసి ఉండవచ్చు.

కాగితాల విషయంలో, కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైటులో నంబరు కొట్టి అప్పు నమోదు, చలానాలు, బీమా గడువు చూసుకోండి. పాత ఫైనాన్సు తీరి ఉంటే, అప్పు తీరిందని తెలిపే ఫారం 35 తోపాటు కంపెనీ లేఖ ఉండాలి. అమ్మేవారితో పేరు మార్పిడికి వాడే 29, 30 ఫారాల మీద సంతకాలు చేయించి, మీ పేరుకు మారే దాకా 50 వేలయినా ఆపి ఉంచండి. బీమాను కొన్న పద్నాలుగు రోజుల్లో మీ పేరుకు మార్చమని దరఖాస్తు చేయాలి. క్లెయిమ్ చేయనందుకు అమ్మినాయనకు వచ్చే ప్రీమియం తగ్గింపు (నో క్లెయిమ్ బోనస్) మీకు రాదు కనుక ప్రీమియం ఆయన కట్టినదాని కంటే ఎక్కువే ఉంటుంది. పదిహేనేళ్లు నిండగానే ఫిట్‌నెస్ చూపించి ఆర్‌సీని అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి కాబట్టి 2014 బండి అయితే 2029 నాటికి ఆ ఖర్చు ఉందని గుర్తుంచుకోండి.

5 లక్షల లోపు మంచిది దొరకకపోతే ఈ సీజను ట్రాక్టరుతోనో, వాన రోజుల్లో అద్దె బండితోనో నెట్టుకురండి. ఆ డొంక మీద పొలాలున్న రైతులంతా కలిసి గ్రావెల్ తోలించుకునే ఆలోచన కూడా చేయండి. అది కుదిరితే మీకు ఫోర్ వీల్ డ్రైవే అక్కర్లేకపోవచ్చు, అప్పుడు వేరే లెక్క వేద్దాం.

చివరిగా, మిరపకాయ కోతలకు కూలీలను ఈ బండిలో తీసుకురావాలని మీ మనసులో ఉంటే, ఆర్‌సీలో రాసిన సీట్లకు మించి ఒక్కరిని కూడా ఎక్కించకండి, వాళ్ల దగ్గర కిరాయి తీసుకోకండి. సొంత వాడకపు పాలసీ కిరాయి ప్రయాణాలకు వర్తించదు. ప్రమాదం జరిగి పరిహారం మీ మీద పడితే దానికి సమాధానం చెప్పవలసింది మీ పొలమే.